మట్టి అడగని మొక్క

మొక్కన్నాక మట్టి కావాలి. ఇది పుస్తకాల్లో చదివి తెలుసుకోవలసిన సంగతి కాదు. కుండీలో తులసి పెట్టుకున్న ప్రతి ఇల్లాలికీ తెలిసిందే. అందుకే మావాడు ఓ మొక్కను చూపించి, దీనికి మట్టి అక్కర్లేదు సరికదా, మట్టిలో పెడితే చచ్చిపోతుందని చెబితే నేను నమ్మలేదు. నేను నమ్మకపోవడంలో పెద్ద విశేషం లేదనుకోండి. బి.ఏ.లో చరిత్రా, తెలుగూ చదువుకుని, ఆ తర్వాత నవలలు రాసుకుంటూ కూర్చున్నదాన్ని. వృక్షశాస్త్రంతో నా చుట్టరికం కరివేపాకు దగ్గరే ఆగిపోయింది. కానీ డెబ్భై ఆరేళ్లు పొలం గట్లమీద గడిపిన మా అత్తమ్మ కూడా నమ్మలేదు. అదీ విశేషం!

మాది హన్మకొండ. వరంగల్, హన్మకొండ, కాజీపేట మూడూళ్లూ కలిసిపోయి చాలా కాలమైంది. 2021లో వరంగల్ ఒక జిల్లా, హనుమకొండ ఒక జిల్లా అని పేర్లు స్థిరపరిచారు గానీ, పైఊరివాళ్లు అడిగితే "వరంగల్" అనడమే మాకింకా అలవాటు. ఇంటర్మీడియెట్ రెండో సంవత్సరంలో ఉన్న మావాడికి చేపల తొట్టి పిచ్చి పట్టుకుంది. పరీక్షల ముందు పిల్లలకు ఏదో ఒక పిచ్చి పట్టుకోవడం మామూలే కదా!

చేపల తొట్టి అంటే డాక్టర్ల వరండాల్లో కనిపించే సరుకు అనుకునేరు. నీలం గులకరాళ్లు, ప్లాస్టిక్ చెట్లు, నోరు తెరిచి మూస్తూ బుడగలు వదిలే బొమ్మ మొసలి... అవన్నీ మావాడి దృష్టిలో మహాపాపం. వాడికి కావలసింది నీటి అడుగున అడవి. బతికున్న మొక్కలు, వాటి మధ్య చేపలు.

ఈ విద్యకు గురుస్థానం జపాన్‌వాడైన తకాషి అమానోది. ఆయన ఫొటోగ్రాఫరు. 1954లో పుట్టి 2015లో పోయాడు. అడవుల వెంటా, వాగుల వెంటా తిరిగి ఫొటోలు తీసీ తీసీ, ఆ అడవినే గాజుతొట్టిలోకి దింపడం మొదలుపెట్టాడు. పోర్చుగల్ రాజధాని లిస్బన్‌లో ఆయన చివరగా తీర్చిదిద్దిన తొట్టి పొడవు 40 మీటర్లు, అందులో పట్టే మంచినీళ్లు 1,60,000 లీటర్లు. మావాడి తొట్టి పొడవు 2 అడుగులు, పట్టేవి 60 లీటర్లు. దానికే మావారు, "అరవై లీటర్లంటే అరవై కిలోలు! గాజూ రాళ్లూ వేరే. టీపాయ్ మీద పెడితే ఇల్లంతా చెరువే!" అని లెక్క కట్టి, విడిగా ఇనపస్టాండు చేయించారు.

ఇక ఆ మొక్క సంగతి. దాని పేరు జావా ఫెర్న్. ఆగ్నేయాసియా దేశాల్లో వాగుల ఒడ్డున రాళ్లనీ, చెట్ల మొదళ్లనీ పట్టుకుని పెరుగుతుంది. అల్లం కొమ్ములాంటి కాండం ఒకటి అడ్డంగా పాకుతుంది. దాని పైన పొడుగాటి ఆకులు, కింద పెనుజుట్టులాంటి నల్లటి వేళ్లు. ఆ కొమ్ము ఎప్పుడూ పైకే ఉండాలి. ఇసుకలో పూడ్చామో, కుళ్లుతుంది. మావాడు ఈ సంగతి తెలుసుకోకముందు మొదటి మొక్కను నిక్షేపంగా ఇసుకలో పాతిపెట్టాడు. పదిహేను రోజులు తిరక్కుండా జావా ఫెర్న్ కాస్తా జావైపోయింది!

రెండోది అనుబియాస్. ఆఫ్రికా మొక్క. గుండ్రటి, మందపాటి ఆకులు. నీడలో పెరుగుతుందని దీనికి ఈజిప్టువాళ్ల పరలోక దేవుడు అనూబిస్ పేరు పెట్టారు. అందులో పొట్టి రకాన్ని "నానా" అంటారు. లాటిన్‌లో నానా అంటే పొట్టిది అని అర్థం. మా అత్తమ్మ మాత్రం ఆ పేరు వినగానే, "గీ నాన ఎవ్వలకు నాయినరా?" అంది. మూడోది జావా నాచు. దానికి కొమ్మూ లేదు, అసలైన వేళ్లూ లేవు. ఎక్కడ ఆనిస్తే అక్కడ అల్లుకుపోతుంది.

ఈ మూడింటికీ మట్టి వద్దు. పట్టుకోవడానికి ఓ కట్టె కావాలి, లేదా రాయి కావాలి. అంతే.

అత్తమ్మ సంగతి చెప్పకుండా ఈ కథ ముందుకు నడవదు. ఆమెది నర్సంపేట దగ్గర పల్లె. మామయ్య పోయాక ఏడాదిపాటు ఒక్కతే ఉంది. ఓ రోజు బావిగట్టున జారిపడింది. దెబ్బ పెద్దదేం కాదు గానీ, మావారు ఆగలేదు. వెళ్లి కారులో కూర్చోబెట్టుకుని తీసుకొచ్చేశారు. పొలం కౌలుకిచ్చారు. ఇంటికి తాళం పడింది. తాళంచెవి మాత్రం అత్తమ్మ కొంగుముడిలోనే ఉండిపోయింది.

మా ఇంట్లో ఆమెకు ఏ లోటూ లేదు. అదే ఆమె బాధ. తెల్లవారి నాలుగింటికే లేచి చీపురు పట్టుకుంటే, పనమ్మాయి వచ్చి "నా పని నువ్వు చేస్తే నన్ను మాన్పిస్తరు పెద్దమ్మా!" అనేది. కూరలు తరగబోతే మావారు "నీకెందుకమ్మా, కూర్చో" అనేవారు. కూర్చునేది. కూర్చుని, కూర్చుని, ఒకటో తారీకున పాలాయన డబ్బులకు రాగానే లేచి, కొంగుముడి విప్పి కౌలు డబ్బుల్లోంచి నోట్లు తీసింది. మావారికి చిన్నతనమనిపించింది. "అమ్మ దగ్గర పాలపైసలు తీస్కునేంత గతిలేనోణ్ణా నేను?" అన్నారు. ఆమె నోట్లు మళ్లీ ముడి వేసుకుంది. రెండో నెలా అంతే. మూడో నెలా అంతే. ఆ ముడి వేసుకునే చేతుల్ని చూడటం నాకు కష్టంగా ఉండేది.

మూడోసారి మాత్రం ఊరుకోలేదు. "నేనేమన్న బదనికనా కొడుకా, నీ మీదబడి బతికెతందుకు?" అంది.

బదనిక అంటే పల్లెల్లో తెలియనివాళ్లుండరు. మామిడికొమ్మ మీద పుడుతుంది. పచ్చగా, ముచ్చటగా ఉంటుంది. కొమ్మలోకి వేరు దింపి దాని రసమే తాగుతుంది. తాను బలిసేకొద్దీ కొమ్మ ఎండుతుంది. తన మీద తాను ఆ మాట వేసుకుందంటే ఎన్ని రాత్రులు ఆలోచించి ఉంటుందో! మావారు ముఖం తిప్పుకుని లోపలికి వెళ్లిపోయారు. అమ్మకు తనమీద నమ్మకం లేదని ఆయనకు కోపం. కొడుకు తనను చుట్టాన్ని చేశాడని ఆమెకు దుఃఖం. ఇద్దరి మాటా న్యాయమే, ఏమనగలం?

ఆ వారంలోనే మావాడు కట్టె కోసం వెతుకుతున్నాడు. దుకాణంలో మలేసియా కట్టె అని అమ్ముతారు. చేతి మందం ముక్కకు నా కథకు వచ్చే పారితోషికమంత చెప్పారు! అత్తమ్మ విని, "కట్టెకు పైసలా?" అని ముక్కుమీద వేలేసుకుంది. ఊళ్లో కౌలురైతుకు ఫోను చేయించింది. మూడోనాడు బస్సులో గోనెసంచి దిగింది. అందులో చెరువు సికంలో ఎప్పుడో ఎండిన నల్లతుమ్మ మోడు. ఏళ్ల తరబడి వానాకాలం మునుగుతూ, ఎండాకాలం తేలుతూ బెరడంతా పోయి, వేళ్లు మాత్రం వంకరటింకరగా మిగిలాయి. మావాడు దాన్ని చూసి, దేవుడు ప్రత్యక్షమైనట్టు నిలబడిపోయాడు.

కానీ ఆ మోడు నీళ్లలో వేస్తే తేలింది. ఎండిన కట్టె సందుల నిండా గాలే కదా! మా ప్రాంతం చిత్రం చూడండి. 1213లో కట్టిన రామప్ప గుడి శిఖరంలో ఇటుకలు నీళ్లపై తేలతాయని ప్రపంచమంతా చెప్పుకుంటారు, 2021లో యునెస్కో కూడా ఆ గుడికి పట్టం కట్టింది. ఇటుకలు తేలేచోట కట్టెను ముంచడానికి మేం నానా యాతనా పడ్డాం. పెళ్లిళ్ల గుండిగలో వేసి మూడు గంటలు ఉడకబెట్టాడు. నీళ్లు ఇరానీ చాయ్ రంగుకొచ్చాయి గానీ మోడు మునగలేదు.

ఆ రంగు ఎందుకొచ్చిందో మావాడు ఫోనులో వెతుకుతుంటే అత్తమ్మ అందుకుంది. "తుమ్మల వగరుంటదిరా. ఎనకట తుమ్మచెక్కతోనే తోళ్లు పదును చేసేటోళ్లు. రంగు రాకుంటే ఏమైతది?" నిజమే. ఆ వగరునే టానిన్ అంటారు. చేపలకు దానివల్ల ప్రమాదమేం లేదు, నీళ్లు కాస్త ఎర్రబడతాయి, అంతే. చూడ్డానికి బాగుండదనుకుంటే నానబెట్టి నీళ్లు మారుస్తూ పోవాలి.

"ఉడకబెట్టుడు కాదు, నానబెట్టాలె. మా ఊరి వడ్లాయన బండిచక్రాలకు తుమ్మమొద్దులు చెరువుల వేసి నెలలకొద్ది ఉంచేటోడు. గట్ల నానితెనే పురుగు పట్టదు, పగులు రాదు." ఇలా చెబుతూ ఆమె లేచి మేడమీదికి నడిచింది. మా ఇంటికొచ్చాక ఆమె ఎవరూ అడక్కుండా మేడెక్కడం అదే మొదలు. నీళ్ల డ్రమ్ములో మోడు వేసి, పైన రుబ్బురాయి పెట్టించింది. నాలుగురోజులకోసారి నీళ్లు మార్చే పని తనే చూసుకుంది. మా తుమ్మమోడు నలభై ఒక్క రోజులు మండలదీక్ష చేసింది. దీక్ష ముగిసేసరికి రాయి తీసినా అడుగునే కూర్చుంది.

ఇక కట్టడం. ఇక్కడ బాపమ్మకూ మనవడికీ పెద్ద వాదన వచ్చింది. మావాడిది ఫెవిక్విక్ పక్షం. ఆ జిగురు పుట్టుక తమాషాగా ఉంటుంది. 1942లో అమెరికాలో హ్యారీ కూవర్ అనే శాస్త్రవేత్త తుపాకుల గురి అద్దాల కోసం పారదర్శకమైన ప్లాస్టిక్ చేయబోతే, తగిలినదానికల్లా అతుక్కుపోయే పదార్థం తయారైంది. పనికిరాదని పక్కనపడేశారు. 1958కి అదే బజారుకెక్కింది. తడి తగిలితేనే గట్టిపడే జిగురు అది. అందుకే నీళ్లలో పెట్టే మొక్కలకు పనికొస్తుంది. గట్టిపడ్డాక చేపలకు హాని లేదు. ఒక్క చుక్క వేసి పది సెకన్లు అదిమితే చాలు. తెల్లటి మచ్చ మిగులుతుంది, దాన్ని కొన్నాళ్లకు నాచు కప్పేస్తుంది.

అత్తమ్మది దారం పక్షం. ఆమె పుట్టిల్లు కొత్తవాడ. జంపఖానాలు నేసే వాడ అది. వరంగల్ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఆమె ట్రంకుపెట్టెలో పుట్టింటి నూలుదారం ఉండ ఒకటి ఇప్పటికీ ఉంది. "జిగురు పెడితె అది ఒక్కతాన్నే ఉంటది. దారమైతె చెట్టు తనకు తాను సదురుకుంటది" అంది. మావాడు ఆలోచించి, పంపకం చేశాడు. అనుబియాస్‌కు జిగురు, ఫెర్న్‌కూ నాచుకూ దారం. నూలుదారంలో ఉన్న సుగుణం ఏమిటంటే, కొన్ని వారాలకు నీళ్లలో అదే చీకిపోతుంది. ఆలోగా వేళ్లు కట్టెను పట్టుకుంటాయి. నైలాన్ దారమైతే చీకదు, మనమే కత్తిరించి తీయాలి.

తడిగుడ్డ కప్పుకున్న మొక్కలు, స్టూలు మీద మోడు, పక్కన అత్తమ్మ. మల్లెదండలు కట్టిన వేళ్లు ఊరికే ఉంటాయా! కొమ్మును వేళ్ల చీలికలో ఆనించి, ఆకుల మధ్యగా దారం తిప్పి, కొమ్ము కొసన చిగురు వచ్చేచోటు వదిలేసి, రెండు చుట్లు చుట్టి ముడివేసింది. నాచును ముద్దగా కాకుండా పలచగా పరిచి, అడ్డదిడ్డంగా దారం పోనిచ్చింది. ముద్దగా పెడితే వెలుతురు తగలక అడుగుపొర కుళ్లుతుందట. "బిగిస్తె కొమ్ము కోసుకపోతది. వదిలేస్తె ఊగుతది. ఊగేదానికి ఏరు పట్టది" అని మనవడికి చెబుతూనే ఉంది. మధ్యలో ఆగి అడిగింది.

"ఇదీ బదనికేనారా?"

మావాడికి ఆ మాట వెనక ఏముందో తెలియదు. "కాదు బాపమ్మా! ఇది కట్టెను పట్టుకుంటది గానీ తినది. దాని తిండి నీళ్లల్లనే ఉంటది. చేపలు నీళ్లల్ల వదిలేది దీనికి ఎరువు. ఎండిపోయిన కట్టెల తినెతందుకు ఏముంది?" అన్నాడు.

"మరి పట్టుకునుడెందుకు?"

"కొట్టుకపోకుంట."

అత్తమ్మ ఇంకేం అనలేదు. ముడి బిగించి దారం పళ్లతో కొరికింది. గుమ్మంలో పేపరు పట్టుకుని నిలబడ్డ మావారు ఆ పేజీ ఎంతసేపటికీ తిప్పలేదు.

మొక్కలు తొట్టిలోకి వెళ్లాక అందరం రేపో మాపో అడవి మొలుస్తుందని ఎదురుచూశాం. మొలిచింది బూజు! మోడు మీద తెల్లటి జిగట తెర ఒకటి కమ్ముకుంది. కొత్త కట్టె నీళ్లలో పడితే మొదటి వారాల్లో అలా పట్టడం సహజమేనట. మావాడు బ్రష్షుతో తుడిచాడు, తర్వాత అదే పోయింది. ఆపైన ఫెర్న్ పాత ఆకులు గోధుమరంగుకు తిరిగి రాలడం మొదలెట్టాయి. మావారు "చచ్చినట్టుంది, తీసెయ్" అన్నారు. మావాడు నవ్వాడు. నర్సరీలో ఈ మొక్కల్ని చాలావరకు నీళ్ల బయటే పెంచుతారు. నీళ్లలోకి వచ్చాక గాలిలో పెరిగిన ఆకులు పోయి, నీళ్లకు తగ్గ ఆకులు కొత్తగా వేస్తాయి. కొమ్ము పచ్చగా, గట్టిగా ఉన్నంతవరకూ భయం లేదు.

మావారికి నమ్మకం కుదరలేదు. ఆఫీసునుంచి రాగానే చొక్కాచెయ్యి పైకి మడిచి, తొట్టిలో చెయ్యిపెట్టి, మొక్క అతుక్కుందో లేదోనని లాగి చూసేవారు. నాలుగోరోజు మావాడు పట్టుకున్నాడు. "నాన్నా! రోజూ లాగి చూస్తే ఎట్ల పట్టుకుంటది? అప్పుడప్పుడే వచ్చే ఏరు తెగిపోతది. ఊకె ఉండనియ్యి దాన్ని."

చెప్పాను కదా, మావారు ఆఫీసునుంచి రాగానే తొట్టిలో చెయ్యి పెడతారని. ఆ వెంటనే ఇంకో పని కూడా చేస్తారు. అమ్మ గది గుమ్మంలో నిలబడి, "అలవాటైందా అమ్మా? మంచిగున్నదా ఇక్కడ?" అని అడుగుతారు. రోజూ అడుగుతారు. ప్రేమతోనే అడుగుతారు. ఆమె రోజూ, "ఆఁ, అలవాటైంది బిడ్డా" అంటుంది. ఆ రోజు కొడుకుచేత చివాట్లు తిని, చెయ్యి తుడుచుకుంటూ ఆ గుమ్మం దాకా వెళ్లారు. నోరు తెరిచారు. ఒక్క క్షణం ఆగి, "కౌలుపైసలు అచ్చినయా అమ్మా? ఈసారి మిర్చి ఎట్లున్నదట?" అన్నారు.

ఇక అత్తమ్మను ఆపగలిగేవాళ్లెవరు! మిర్చికి తెగులు, ఎనుమాముల మార్కెట్లో ధర, కౌలురైతు బిడ్డ పెళ్లి... గంటసేపు చెప్పింది. వంటింట్లో నా పప్పు మాడుతున్నా నేను కదల్లేదు.

ఒకటో తారీకు వచ్చింది. గేటు చప్పుడైంది. మావారు గడ్డం గీసుకుంటున్నారు. అద్దంలోంచి చూపు తిప్పకుండానే కేకేశారు: "అమ్మా, పాలాయన వచ్చిండు!"

అత్తమ్మ లేచింది. కొంగుముడి విప్పుతూ గేటుదాకా నడిచింది. నోట్లు లెక్కపెట్టిచ్చింది. తిరిగివచ్చి, ఏం జరగనట్టే, "నిరుడు కన్నా లీటరుకు ధర పెంచిండే!" అని నాతో అంది. మావారు గడ్డం గీసుకోవడానికి ఆ రోజు చాలాసేపు పట్టింది.

ఏడో వారమో ఎనిమిదో వారమో, దారం ముక్కలుముక్కలుగా చీకి నీళ్లలో తేలింది. చేపలు అటూఇటూ లాగి వదిలేశాయి. ఫెర్న్ కదల్లేదు. నల్లటి వేళ్లు తుమ్మమోడు గరుకులోకి దిగిపోయాయి. కొత్త ఆకులు నాలుగు, అరచెయ్యంత పొడుగున లేచాయి. అనుబియాస్ మాత్రం మహా నిదానస్తురాలు, ఆకు వెయ్యాలంటే వారాలు తీసుకుంటుంది. మధ్యలో ఫెర్న్ ఆకుల అడుగున నల్లటి చుక్కలు కనబడితే తెగులనుకున్నాం. అవి దాని విత్తనాల్లాంటి సిద్ధబీజాల తిత్తులట. కొన్ని ఆకుల కొసల్లో ఏకంగా పిల్లమొక్కలే పుట్టుకొచ్చాయి. "రణపాల లెక్కనే!" అని అత్తమ్మ సంబరపడింది. రణపాల ఆకు అంచున పిల్లలు వేయడం ఆమెకు తెలిసిందేగా! పిల్లమొక్కల్ని గిల్లి, చిన్న చిన్న రాళ్లకు నూలుదారంతో కట్టి ఇరుగుపొరుగుకు పంచడం మొదలెట్టింది.

ఎండాకాలం వచ్చేసరికి కొత్త చిక్కొచ్చింది. మా వరంగల్ ఎండలు మీకు తెలిసినవే. తొట్టిలో నీళ్లు 30 డిగ్రీలు దాటితే ఈ మొక్కలకు పడదు. నీళ్లు వేడెక్కితే అందులో ప్రాణవాయువు తగ్గి చేపలూ పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి. చల్లబరిచే యంత్రం ధర విని మావారు మళ్లీ పేపరు చేతిలోకి తీసుకున్నారు. అత్తమ్మ మూత తీయించి, టేబుల్ ఫ్యాను నీళ్లమీదికి తిప్పించింది. "కుండ ఎందుకు సల్లగుంటది? నీళ్లు ఆవిరై పోతాంటె సల్లగయితది" అంది. రెండు మూడు డిగ్రీలు దిగింది. తగ్గిన నీళ్లు రోజూ చెంబుతో తనే పోసింది.

తాళంచెవి ఇంకా ఆమె కొంగునే ఉంది. నెలకోసారి నర్సంపేట బస్సెక్కి వెళ్లి, ఇల్లు ఊడ్చుకుని, రెండ్రోజులుండి వస్తుంది. ఎందుకని మావారు అడగడం మానేశారు. బస్టాండులో దింపి, ఎప్పుడు తీసుకెళ్లడానికి రమ్మంటావని మాత్రం అడుగుతారు.

ఈ కథలో ఇబ్బంది పడ్డది ఒక్క పాలాయనే. పూర్వం ఆయన నెలకు రెండు మూడు రోజులు రాకపోయినా మేం పట్టించుకునేవాళ్లం కాదు. ఇప్పుడు నాగా పడిన ప్రతిరోజూ అత్తమ్మ తలుపు వెనక సుద్దతో గీత గీస్తోంది. తన పైసలు కదండీ మరి!